తుపాను చందా గురించి శ్రావణికి

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మా శ్రావణీ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నువ్వేమో గచ్చిబౌలి ట్రాఫిక్‌లో, నేనేమో కుక్కర్ విజిల్స్ మధ్య. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీ ఆఫీసులో జమైకా వాళ్ల కోసం చందా పోగుచేస్తున్నారు, దానికివ్వాలా, మన కోస్తా వాళ్లకివ్వాలా అన్నావు. 2025 అక్టోబర్ 28న మెలిస్సా హరికేన్ జమైకా మీద విరుచుకుపడింది. అదే రోజు రాత్రి ఇక్కడ మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. హరికేన్ అన్నా తుపాను అన్నా ఆ గాలీ వానా ఒకటే, సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది. ఇద్దరికీ ఇవ్వొచ్చు. కానీ ముందు నేను చేసిన తెలివితక్కువ పని విను.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. 10 వేల మందికి పైగా పోయారు. అప్పుడు నాకు 22 ఏళ్లు, బ్యాంకులో కొత్త గుమాస్తాని. స్నేహితులతో వీధివీధీ తిరిగి లారీ నిండా బట్టలు పోగుచేశాం. అవనిగడ్డలో మూటలు విప్పితే జరీ చీరలు, ఉన్ని కోట్లు, చిరిగిన లంగాలు, జత లేని చెప్పులు! అక్కడి వాళ్లకి కావలసింది వండుకోడానికి ఓ గిన్నె, అగ్గిపెట్టె, మంచినీళ్లు. మేం తెచ్చినవాటిని వేరుచేయడానికే ఆ ఊరి కుర్రాళ్లు నలుగురు రెండు రోజులు చాకిరీ చేశారు. చేయాల్సిన పని చుట్టూ ఎంతో ఉండగా. చివరికి సగం మూటలు రోడ్డు పక్కనే తడిసి ముద్దయ్యాయి. మేం మా బీరువాలు ఖాళీ చేసుకున్నాం, అంతే.

కాబట్టి డబ్బే ఇవ్వు. ఇక్కణ్ణుంచి బియ్యం బస్తాలు పంపితే లారీ కిరాయే బోలెడవుతుంది. అదే డబ్బు అక్కడికి చేరితే దగ్గరి ఊళ్లోనే సరుకు కొంటారు, ఆ కొట్టువాడికీ నాలుగు రూపాయలు కనబడతాయి.

ఎవరికివ్వాలి అంటే, తుపానుకు ముందు నుంచీ ఆ జిల్లాలో పనిచేస్తున్నవాళ్లకి. రామకృష్ణ మిషన్, రెడ్‌క్రాస్ లాంటి పెద్దవి నీకు తెలిసినవే. చిన్న సంస్థయితే పాన్ నంబరూ, 80జి (విరాళానికి పన్ను మినహాయింపు వచ్చేలా చేసే నమోదు) నంబరూ అడుగు, స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ ఎన్‌జీవో దర్పణ్‌లో పేరుందో లేదో చూడు. నేనైతే ఇంకోటి చేస్తాను. ఫోన్ చేసి "పోయినసారి ఏయే ఊళ్లలో చేశారండీ?" అంటాను. పని చేసినవాళ్లు టకటకా ఊళ్ల పేర్లు చెప్తారు, ఏం కుదరలేదో కూడా చెప్తారు. "చాలా చోట్ల చేశామండీ" అన్నారా, ఫోన్ పెట్టేస్తాను. ప్రతి పైసా బాధితులకే అని ఊదరగొట్టేవాళ్లన్నా నాకు అనుమానమే. డీజిల్ ఊరికే వస్తుందా? లెక్కలు రాసే మనిషికి జీతం వద్దా?

వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌ల జోలికి మాత్రం పోకు. స్కాన్ చేశాక సంస్థ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆగిపో. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

పన్ను సంగతి: నువ్వు కొత్త పన్ను విధానంలో ఉంటే 80జి నీకు వర్తించదు. పాతదాంట్లో ఉంటే 2,000 రూపాయలు దాటి నగదుగా ఇవ్వకు, మినహాయింపు రాదు. సంస్థ నుంచి ఫారం 10బీఈ, అంటే విరాళం సర్టిఫికెట్, తీసుకో. నేరుగా విదేశీ సంస్థకి పంపితే ఇక్కడ మినహాయింపు ఏమీ ఉండదు. అందుకని జమైకా మానుకోమనడం లేదు. అక్కడి ప్రభుత్వమే విరాళాలకు అధికారిక వెబ్‌సైట్ పెట్టింది, అమెరికా సంస్థలైతే చారిటీ నావిగేటర్ అనే వెబ్‌సైట్‌లో రేటింగ్ చూసుకోవచ్చు. మీ కంపెనీ నువ్విచ్చినంతా తనూ కలుపుతుందా, ఇక్కడి సంస్థలకిచ్చినా కలుపుతుందా అని హెచ్‌ఆర్‌ని అడుగు. మొహమాటపడకు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. అంతా ఒకేసారి ఇచ్చేయకు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్లాను. రెండోవారంలో పులిహోర పొట్లాలు వద్దన్నా ఇస్తున్నారు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళ్తే పలకరించే దిక్కు లేదు. కొబ్బరిచెట్లు కూలిపోయాయి, కొత్త మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు. ఆ ఐదారేళ్లూ ఏం తినాలి? ఒక ముసలాయన నాకు కొబ్బరిబోండాం కొట్టివ్వలేకపోయానని బాధపడ్డాడు, చూడు! అప్పట్నుంచీ నేను సగం ఇప్పుడిచ్చి, సగం ఉగాదికి ఇస్తున్నాను. మొక్కలకో, పడవ బాగుచేయించడానికో, పిల్లల ఫీజుకో. నువ్వూ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో.

ఆదివారం భోజనానికి రా. నువ్వనుకున్న సంస్థల పేర్లు రాసుకొస్తే కలిసి ఫోన్లు చేద్దాం. అన్నట్టు, మీ పెద్దమ్మ పాత దుప్పట్లన్నీ మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టింది, తుపాను వాళ్లకి పంపమని. ఇన్నేళ్లుగా చెప్తున్నా నా మాట వినడం లేదు. నువ్వైనా చెప్పు.

నీ పెదనాన్న