కలుజు నీళ్లు ఎవరివి?

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కోపం బాగుంది, లెక్కే లేదు. బ్యాంకులు గాలివాటు లాభంగా వేల కోట్లు మింగుతున్నాయి, ఆ సొమ్ము బడులకూ ఆసుపత్రులకూ మళ్లించాలి అన్నావు. ఎవరి దగ్గర మింగాయో, ఎట్లా మింగాయో మూడు పేజీల్లో ఎక్కడా లేదు. ముందు డబ్బు నడిచిన దారి చూపించు. 'మళ్లించాలి' అన్నది చివర్లో రాసినా చాలు, అసలు రాయకపోయినా నష్టం లేదు.

శాతాలను మన వడ్డీ లెక్కలోకి మార్చు. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 శాతం అని డ్వాక్రా సంఘంలో ఎవర్నడిగినా చెబుతారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. ఆ పది నెలల్లో స్టేట్ బ్యాంకు మామూలు పొదుపు ఖాతా వడ్డీ మాత్రం 2.70 దగ్గరే ఉండిపోయింది. అంటే పావలా కూడా లేదు. ఇంటి అప్పుల సంగతి వేరు. 2019 అక్టోబరు తర్వాత ఇచ్చిన ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) అప్పులు చాలావరకు రెపోకు ముడిపడినవే. పది లక్షల అప్పున్నవాడి మీద ఏడాదికి దాదాపు 25 వేలు అదనంగా పడింది. పొదుపు ఖాతాలో లక్ష ఉంచుకున్నవాడికి అంతకు ముందూ 2,700, ఆ తర్వాతా 2,700. బ్యాంకు కొత్తగా చేసిన పని లేదు, కొత్తగా మోసిన బరువూ లేదు. గాలివాటు లాభం అంటున్నది దీన్ని. ఈ ఇద్దరి పాస్‌బుక్కులూ పక్కపక్కన పెడితే నీ మొదటి పేజీ దానంతటదే నిలబడుతుంది.

అయితే అక్కడే ఆగితే బ్యాంకు మేనేజరు ఒక్క ప్రశ్నతో నిన్ను పడగొడతాడు: మరి ఫిక్స్‌డ్ డిపాజిట్ల మాటేమిటి? వాటి వడ్డీ కూడా పెరుగుతుంది, కాకపోతే ఆలస్యంగా. రేట్లు దిగేటప్పుడు ఇది తిరగబడుతుంది. 2025లో రెపో ఫిబ్రవరి నుంచి జూన్ లోపల 6.5 నుంచి 5.5కు దిగింది. అప్పుల మీద రాబడి వెంటనే పడిపోయింది, పాత డిపాజిట్లకు మాత్రం గడువు తీరేదాకా ఒప్పుకున్న వడ్డీ కట్టాల్సిందే. అందుకని ఒక్క ఏడాది అంకె పట్టుకుని ఊరేగొద్దు. రేటు ఎక్కిన ఏడూ దిగిన ఏడూ రెండూ రాయి.

నీ వ్యాసంలో యూరప్ వాదన ఒకటి ఉన్నదున్నట్టు దిగింది. అక్కడ కేంద్ర బ్యాంకు తన దగ్గర వాణిజ్య బ్యాంకులు దాచుకున్న డబ్బుకు వడ్డీ ఇస్తుంది. ఆ రేటు 2022 జులై చివరిదాకా మైనస్ 0.5. 2023 సెప్టెంబరుకల్లా 4 శాతం. ఊరికే పడున్న సొమ్ముకు అంత రాబడి రావడంతో అక్కడ గొడవ రేగింది. మన దగ్గర నగదు నిల్వ నిష్పత్తి కింద బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర తప్పనిసరిగా ఉంచే డబ్బుకు 2007 నుంచి పైసా వడ్డీ లేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్టాండింగ్ డిపాజిట్ ఫెసిలిటీకి, అంటే మిగులు డబ్బు రిజర్వ్ బ్యాంకు దగ్గర దాచుకునే ఏర్పాటుకు, ఉంది గానీ అది వేరే ఖాతా. యూరప్ పద్ధతినీ మన పద్ధతినీ కలిపేశావు, విడదీయి.

ఇటలీ కథ ఒక్క పేరాలో తేల్చావు. దానికి రెండు పేజీలు ఇవ్వొచ్చు. 2023 ఆగస్టు 7న అదనపు వడ్డీ ఆదాయం మీద 40 శాతం పన్ను అన్నారు. మర్నాడు బ్యాంకు షేర్లు కుప్పకూలాయి. ఆ రోజే పన్ను బ్యాంకు మొత్తం ఆస్తుల్లో 0.1 శాతం దాటదని సర్దుకున్నారు. తర్వాత చట్టంలో ఇంకో వెసులుబాటు చేరింది: పన్ను కట్టకపోయినా పర్లేదు, దానికి రెండున్నర రెట్లు మీ సొంత రిజర్వులోనే పెట్టుకోండి అని. పెద్ద బ్యాంకులు ఆ దారే పట్టాయి. ఖజానాకు దాదాపు ఏమీ రాలేదు. కాబట్టి పన్ను శాతం దగ్గర ఆగిపోకుండా మినహాయింపుల దాకా చదువు. అదే ఏడు లిథువేనియా ముందుగా కొలత రాసుకుంది: నాలుగేళ్ల సగటు కంటే సగానికి మించి పెరిగిన నికర వడ్డీ ఆదాయం (వచ్చిన వడ్డీలోంచి కట్టిన వడ్డీ పోగా మిగిలింది) మీద 60 శాతం, ఖర్చు రక్షణ అవసరాలకు. కలుజు, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కట్టడం, ఏ ఎత్తున కట్టారో తెలిస్తేనే కదా ఏది చెరువు నీరో, ఏది పొర్లిన నీరో చెప్పగలం!

మన ప్రభుత్వ బ్యాంకుల దగ్గరికి వస్తే చిక్కు ఇంకోటుంది. వాటిలో పెద్ద వాటా సర్కారుదే. కార్పొరేట్ పన్ను పోగా మిగిలిన దాంట్లోంచి డివిడెండు మళ్లీ ఖజానాకే పోతుంది. 2017-18లో అవి 85 వేల కోట్లకు పైగా నష్టపోతే మూలధనం పోసిందీ ఖజానాయే. ఆ చరిత్ర రెండు వైపులా కోసే కత్తి. చెడ్డ రోజుల కోసం దాచుకోవాలని బ్యాంకులు అంటాయి, చెడ్డ రోజుల్లో మోసింది మేమే కదా అని జనం అనొచ్చు. నా మొగ్గు రెండో వైపు. నువ్వు మాత్రం రెండూ రాయి.

మార్కాపురం వైపు వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు ఆ డబ్బు పెట్టాలని రాశావు. ఎంచుకోవడం మంచిదే. ఒక్కసారి వచ్చే సొమ్ము సొరంగానికో, ముంపు గ్రామాల పునరావాసానికో సరిపడుతుంది, నెలనెలా ఇచ్చే పింఛనుకు సరిపడదు. కానీ అది మార్కాపురం దాకా వచ్చేదెట్లా? 2021-26 ఐదేళ్లకు 15వ ఆర్థిక సంఘం ప్రకారం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ 41 శాతం, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం ఉండేది. ఆ లెక్కన వంద కోట్లు వసూలైతే మనకు సుమారు కోటీ 66 లక్షలు. అదే సర్‌చార్జి పేరుతో, అంటే పన్ను మీద అదనపు పన్నుగా, వేస్తే రాష్ట్రాల పంపకంలోకే రాదు, మన వాటా సున్నా. నీ వ్యాసంలో అన్నిటికన్నా బలమైన పేరా కావలసింది ఇదే, నువ్వు రాయందీ ఇదే.

ఇక పని. ఒక బ్యాంకు వార్షిక నివేదిక తీసుకో. షెడ్యూల్ 13లో వచ్చిన వడ్డీ ఉంటుంది, 15లో కట్టిన వడ్డీ. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే నికర వడ్డీ ఆదాయం. 14ను ఇందులో కలపొద్దు, అది ఇతర ఆదాయం. నికర లాభంతోనూ పోల్చొద్దు, మొండి బాకీలకు కేటాయింపులు తగ్గినా లాభం పెరుగుతుంది, దానికీ వడ్డీకీ సంబంధం లేదు. 2021-22 నుంచి నాలుగేళ్ల అంకెలు ఒక తెల్లకాగితం మీద చేత్తో వేసి, కొత్త వ్యాసంతోపాటు అదీ పంపు. కాగితం ముందు చూస్తాను, వ్యాసం తర్వాత.