ఐదు పంపితే ఒక్కదానికే జవాబు!

ప్రశ్న: పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) నుంచి రీడింగులు తీసుకోడానికి మోడ్‌బస్ టీసీపీలో (అలాంటి పరికరాలతో నెట్‌వర్క్ మీద మాట్లాడే పద్ధతి) చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఒకే కనెక్షన్, పోర్టు 502. ఐదు రిక్వెస్టులు వెంటవెంటనే పంపితే మొదటిదానికి మాత్రమే జవాబు వస్తోంది. మధ్యలో సెకను ఆగితే అన్నీ వస్తున్నాయి. పోనీ ప్రతిదానికీ కొత్త కనెక్షన్ తెరుద్దామంటే, కాసేపు నడిచి తర్వాత కనెక్షనే దొరకడం లేదు. తప్పు ఎవరిది?

జవాబు: ఇద్దరిదీ తలా కొంచెం. మీరు ఐదుసార్లు పంపారు కాబట్టి అటువైపు ఐదు ముక్కలుగానే చేరతాయనుకున్నారు, కానీ డేటాని మోసుకెళ్లే టీసీపీకి తెలిసింది బైట్ల వరస ఒక్కటే, ఒక మెసేజ్ ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో దానికి పట్టదు. రిజిస్టర్లు (పీఎల్‌సీలో విలువలు ఉండే గడులు) చదవమనే రిక్వెస్టు 12 బైట్లే. మొదటిది బయల్దేరి దాని రసీదు తిరిగొచ్చేలోపు మీరు రాసిన మిగతా నాలుగూ ఆగి, 48 బైట్లుగా ఒకే ప్యాకెట్లో వెళ్లిపోతాయి. నేగిల్ అల్గారిథమ్ చేసే పని ఇది, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అటు పీఎల్‌సీ వాటిని సరిగ్గా విడదీసి చదవాలి, కానీ కొన్నింటి ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రామ్) ఒక రిక్వెస్టు పొడవుతో సరిపోలలేదని మొత్తం పారేస్తుంది. నేగిల్‌ని ఆపేస్తే సమస్య తగ్గొచ్చు, పూర్తిగా పోతుందన్న గ్యారంటీ లేదు.

సెకను ఆగడం మందు కాదు. ఒకటి పంపండి, దాని జవాబు పూర్తిగా వచ్చాకే రెండోది పంపండి. ఈ ‘పూర్తిగా’ దగ్గరే చాలామంది తడబడతారు, ఎందుకంటే జవాబు కూడా ముక్కలుగా రావచ్చు. ముందు 7 బైట్లు చదవండి: ట్రాన్సాక్షన్ నంబరు 2, ప్రోటోకాల్ 2, పొడవు 2, యూనిట్ 1. పది రిజిస్టర్లు అడిగితే పొడవు దగ్గర 23 ఉంటుంది, అందులో యూనిట్ బైటు మీరు ఆల్రెడీ చదివేశారు కాబట్టి ఇంకా 22 వచ్చేదాకా చదువుతూనే ఉండాలి. ట్రాన్సాక్షన్ నంబరు ప్రతిసారీ మార్చి, జవాబులోనూ అదే ఉందో లేదో చూడండి, లేకపోతే ఆలస్యంగా వచ్చిన పాత జవాబుని కొత్తదనుకుని స్క్రీన్ మీద తప్పు రీడింగు చూపిస్తారు, అదీ ఎర్రర్ ఏమీ లేకుండా!

కనెక్షన్ తెరిచి అలాగే ఉంచండి. చిన్న పరికరాల్లో ఒకేసారి నిలిచే కనెక్షన్లు కొన్నే, మూసిన పాతవాటిని వదిలించుకోడానికి కూడా వాటికి టైమ్ పడుతుంది. అన్నట్టు, మీరడిగే రిజిస్టర్ల చిరునామాలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే ఐదు రిక్వెస్టులు ఎందుకు? ఒక్కదాంట్లో 125 రిజిస్టర్ల దాకా అడగొచ్చు. మధ్యలో లేని చిరునామా తగిలితే మాత్రం కొన్ని పరికరాలు ఎక్సెప్షన్ 02 (ఆ చిరునామా చెల్లదనే ఎర్రర్) ఇస్తాయి, అప్పుడు విడగొట్టుకోండి.

ప్రశ్న: జవాబు రాకపోతే అదే మళ్లీ పంపొచ్చా?

జవాబు: చదివేదైతే నిశ్చింతగా పంపండి. రాసేదైతే చూసుకోవాలి, పని జరిగిపోయి జవాబు మాత్రమే దారిలో పోయి ఉండొచ్చు. ‘వేగం 40కి పెట్టు’ అని రెండుసార్లు చెప్పినా నష్టం లేదు, ‘ఇంకో 5 పెంచు’ అని రెండుసార్లు చెబితే 10 పెరుగుతుంది. అలాంటి వాటికి ముందు ఆ రిజిస్టర్ చదివి చూసి, అప్పుడు పంపండి.