పని లేని ప్రతి ఒక్కరూ నిరుద్యోగేనా?

నిరుద్యోగాన్ని లెక్కించే సర్వేల్లో, వారంలో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే రాసుకుంటారా అని ఒకరు అడిగారు. అవును, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం అదే. దేశమంతటి నుంచీ నమూనాగా ఎంచుకున్న ఇళ్లకు వెళ్లి, ఒక నిర్ణీత వారంలో ఎవరెవరు ఏం చేశారో అడుగుతారు. జీతం కోసమో లాభం కోసమో 1 గంట పనిచేసినా చాలు. ఉద్యోగం ఉండి సెలవులో ఉన్నవాళ్లనూ ఇందులోనే కలుపుతారు.

నిరుద్యోగి కింద రాయాలంటే మాత్రం మూడూ ఉండాలి. పని ఉండకూడదు, గత 4 వారాల్లో పని కోసం ప్రయత్నించి ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి. వెతికి వెతికి విసిగిపోయి మానేసినవాళ్లు ఈ లెక్కలోకి రారు. చదువుకునేవాళ్లలాగే వాళ్లనూ శ్రామిక శక్తి (పని ఉన్నవాళ్లు, నిరుద్యోగులు కలిపి) బయట ఉన్నట్టు చూస్తారు. నాకు బాధనిపించేది ఇదే.

ఉదాహరణకు 100 మంది పెద్దవాళ్లలో 57 మందికి పని ఉంది, ముగ్గురు వెతుకుతున్నారు అనుకుందాం. శ్రామిక శక్తి 60, నిరుద్యోగ రేటు 60లో 3, అంటే 5 శాతం. ఆ ముగ్గురిలో ఒకరు ఆశ వదులుకుంటే 59లో 2, అంటే సుమారు 3.4 శాతం. ఒక్కరికీ కొత్తగా పని దొరకలేదు, అయినా రేటు తగ్గింది!

అందుకే మొత్తం పెద్దవాళ్లలో ఎందరికి పని ఉందో కూడా చూడాలి. పై ఉదాహరణలో అది 57 శాతం దగ్గరే కదలకుండా ఉంది. ఇంకా ఎక్కువ గంటలు చేయాలనుకున్నా పని దొరకనివాళ్లను అల్ప ఉపాధి కింద విడిగా లెక్కిస్తారు. ఆ గంట నిబంధన దాచేసే కష్టం అక్కడ కనిపిస్తుంది.