ఎవరి బోళ్లు సజ్జ ఎక్కాలి?

హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ రాశారు. పేరు వేయొద్దన్నారు. మామగారు పోయాక పరకాల దగ్గరి ఊళ్లో ఇంటికి తాళం పెట్టి, అత్తమ్మను తమ ఫ్లాట్‌కు తెచ్చుకున్నారు. ఆమె వెంట మూడు గోనెసంచుల బోళ్లు వచ్చాయి. ఇత్తడి సర్వలు, కంచు పళ్లాలు, గంజులు, తాంబాళం, ఆఖరికి ఇసుర్రాయి కూడా. 'కిచెన్‌ల కాలు పెట్టే జాగ లేదు. ఏవి ఉంచాలె, ఏవి సజ్జ మీద పెట్టాలె? ఆమె గుడికి పోయినప్పుడు పాత సామాన్ల బండికి వేసేస్తే తప్పా?' అని అడుగుతున్నారు.

తప్పేనమ్మా. ఆమె వస్తువు ఆమె లేనప్పుడు అమ్మితే దాన్ని దొంగతనమనే అంటారు. పైగా జనగామ పక్కన ఇత్తడి పనికి పేరుపడ్డ పెంబర్తిని పెట్టుకుని ఇత్తడిని తుక్కు లెక్కన తూచడమేమిటి?

ఏవి ఉంచాలన్నది అరగంట పని. దానికి నాలుగు పేజీలు అక్కర్లేదు. ఆ నాలుగు పేజీల్లో నన్ను పట్టుకున్నది వేరే మాట. మీ పెండ్లికి మీ అమ్మ పెట్టిన స్టీలు సామాను, ప్రతి గిన్నె మీదా చుక్కలు చుక్కలుగా మీ నాన్న పేరు చెక్కించినది, పదహారేండ్లు ఆ ఊరి ఇంట్లో అటక మీదే ఉండిపోయిందని రాశారు. 'ఒక్క గిన్నె దించనియ్యలేదు' అన్నారు. ఆ కోపం నాకు అర్థమైంది. కానీ దాన్ని పైకెక్కించింది ఎవరు? నిచ్చెన వేసుకుని మీ ఆయనే ఎక్కించారని మీరే రాశారు. ఇప్పుడు వాళ్లమ్మ సంచులను సజ్జ ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నదీ ఆయనే. ఏమన్నా అంటే 'మీరు మీరు చూసుకోండి' అంటారట.

నాకు ఇలాంటి మంచితనం మీద గౌరవం లేదు. అప్పుడు తల్లితో 'దాని గిన్నెలు కూడా రెండు వాడుదామమ్మా' అనలేదు. ఇప్పుడు మీతో 'మా అమ్మకు ఒక అర ఖాళీ చెయ్యి' అనడం లేదు. ఇద్దరు ఆడవాళ్లను గిన్నెల దగ్గర ఎదురెదురుగా నిలబెట్టి తాను టీవీ ముందు కూర్చున్నారు. మీరేమో పదహారేండ్ల బాకీ ఆ ముసలామె దగ్గర వసూలు చేస్తున్నారు. ఆ సర్వలను ఒకసారి తిప్పి అంచు చూడండి. అక్కడా ఒక పేరు ఉంటుంది. అది మీ మామగారిది కాకపోవచ్చు, మీ అత్తమ్మ వాళ్ల నాన్నది కావచ్చు.

ఊరి అటక మీది మీ స్టీలు సామాను తెప్పించి, వచ్చే ఆదివారం మీ ఆయనను కింద కూర్చోబెట్టి ఆ మూడు సంచులూ, మీ సామానూ ఆయన చేతనే విప్పించండి. తల్లిని అడగాల్సింది ఆయన. మీరు అడిగితే కోడలు తీసేయమన్నదవుతుంది.

ఇక బోళ్ల సంగతి. గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనాలు ముందు పారేయండి. మీ ఇంట్లో ఉన్న మూడు మిక్సీల్లో రెండు ఎందుకో, సంవత్సరంగా డబ్బాలోంచి తీయని ఎయిర్ ఫ్రయర్ ఎందుకో నాకు తెలియదు. జాగ అక్కడే దొరుకుతుంది. లోపలి కళాయి, అదే తగరపు పూత, పోయి ఇత్తడి పసుపు తేలిన సర్వల్లో చారు, పులుసు వండొద్దు. పులుపుకు లోహం దిగుతుంది. కళాయి వేయించేదాకా వాటిలో బియ్యం పోసి పెట్టుకోవచ్చు. గంజులు మాత్రం రెండు ఉండాలి. బియ్యప్పిండితో చేసే సర్వపిండి ఒకదానికి లోపల అద్ది కాల్చి దించాక, అది చల్లారితే తప్ప రెండోది అద్దలేం. మీ అత్తమ్మ చిన్నవి రెండు ఎందుకు తెచ్చిందో మీరు అడగలేదు. పెద్ద గంజు సజ్జ మీదికి పోనివ్వండి, మేడారం జాతరకు పోయే ఏడు దించుకోవచ్చు. ఇసుర్రాయి బాల్కనీలో ఉంటే దానికి వచ్చిన నష్టమేం లేదు.

మీ అమ్మ ఇచ్చిన గిన్నెల్లో రోజూ వాడేవి నాలుగు ఆరోజే పొయ్యి మీదికి రావాలి. తాంబాళం మాత్రం చేతికందే చోట పెట్టండి. సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు స్టీలు పళ్లెంలో బతుకమ్మను తీసుకుపోతారా? నల్లబడి ఉంటే చింతపండు, ఉప్పు చాలు. తోమడం మీ ఆయనకు అప్పజెప్పండి.