టెక్ సందేహాలు: అవుట్‌లు రెండు, బాక్సులు మూడు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఇంట్లోనే భక్తి పాటలు, కవర్ సాంగ్స్ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. రెండు అవుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌నీ స్పీకర్లనీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె), యమహా హెచ్ఎస్5 మానిటర్లు (మిక్సింగ్ కోసం వాడే స్పీకర్లు) ఉన్నాయి. ఈమధ్య హెచ్ఎస్8ఎస్ సబ్ ఊఫర్ (బేస్ కోసమే ఉండే బాక్స్) కొన్నాను. ఖాళీ అవుట్ లేదు కాబట్టి వై కేబుళ్లతో చీల్చి ఒక కొస మానిటర్‌కి, ఇంకో కొస సబ్‌కి ఇచ్చాను. గదిలో బేస్ గుయ్యిమంటోంది కానీ అదే పాట కారులో వింటే బేసే ఉండటం లేదు. పైగా పాట ఆపినా సన్నగా హమ్ వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు కారు సంగతి చూద్దాం. గదిలో బేస్ ఎక్కువ వినిపిస్తుంటే మిక్సింగ్‌లో మీ చెయ్యి తెలియకుండానే దాన్ని తగ్గించేస్తుంది. ఆ తగ్గించిన పాటే కారుకెళ్లింది. తప్పు కారుది కాదు, వైరింగ్‌ది.

వై కేబుల్ వల్ల సామాను పాడవదు. ఒక అవుట్‌ను రెండుగా చీల్చుకోవచ్చు, రెండు అవుట్‌లను కలిపి ఒకే పిన్నులోకి తేవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఇక్కడి ఇబ్బంది వేరు. హెచ్ఎస్5కి కంపెనీ చెప్పే కింది హద్దు 54 హెర్ట్జ్ (ఈ అంకె ఎంత తగ్గితే బేస్ అంత లోతు). సబ్ ఏమో 22 నుంచి మొదలుపెడుతుంది. మీ కనెక్షన్‌లో 54 నుంచి పైకి కొంత దూరం దాకా మూడు బాక్సులూ అదే బేస్ వాయిస్తున్నాయి. కొన్ని చోట్ల ఆ శబ్దాలు ఒకదానికొకటి కలిసి ఉబ్బుతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి తినేస్తాయి.

కాబట్టి సబ్‌ను మధ్యలో పెట్టండి. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ 1, 2 నుంచి రెండు కేబుళ్లు సబ్ ఇన్‌పుట్ ఎడమ, కుడిలోకి. సబ్ అవుట్‌పుట్ ఎడమ, కుడి నుంచి ఇంకో రెండు మానిటర్లకి. అంతే. ఇప్పుడు ఇంటర్‌ఫేస్ మీది నాబ్ ఒక్కటి తిప్పితే మూడూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి.

కేబుళ్ల దగ్గర ఒక మాట. షాపులో 'పెద్ద పిన్ను కేబుల్' అని అడిగితే చాలాసార్లు గిటార్ కేబుల్ చేతిలో పెడతారు. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే మోనో, రెండుంటే టీఆర్ఎస్ (మూడు భాగాల పిన్ను). మీకు కావాల్సింది రెండోది, రెండు చివరలా అదే ఉండాలి. ఎక్స్ఎల్ఆర్ (మూడు రంధ్రాలో, మూడు పిన్నులో ఉండే గుండ్రటి) సాకెట్ ఉన్నచోట మామూలు మైక్ కేబులే చాలు. ఈ రెండింటిలోనూ దారిలో అంటుకున్న నాయిస్‌ను అవతలి చివర కొట్టేసే ఏర్పాటు ఉంటుంది. మీ హమ్‌లో సగం ఇక్కడే పోవచ్చు.

ఇక సబ్ వెనక ఉన్న నాబ్‌లు. హై కట్ 80 దగ్గర పెట్టండి. అంతకు పైన సబ్ శబ్దం తగ్గిపోతూ పోతుంది. పక్కనే లో కట్ స్విచ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి దాని నాబ్ కూడా 80కే తిప్పండి. మానిటర్లకు వెళ్లే సిగ్నల్‌లోంచి 80 కింది బేస్ తగ్గిపోతుంది. చాలామంది ఈ స్విచ్ దగ్గరే ఆగిపోతారు, 'డబ్బు పోసి కొన్న మానిటర్ల బేస్ కోయడమేంటి' అని. 5 అంగుళాల కోన్‌కి కింది బేస్ బరువు తగ్గితే గొంతు, వీణ, తంబుర ఎంత తేటగా వస్తాయో ఒకసారి విని, తర్వాత నన్ను తిట్టండి.

ఫేజ్ స్విచ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. విజయవాడ సత్యనారాయణపురంలో మృదంగం వాయించే మిత్రుడొకరు ఇంట్లోనే రికార్డు చేసుకుంటారు. 'ఈ సబ్‌లో దమ్ము లేదండీ, లెవెల్ ముప్పావు వంతు పెట్టినా తొప్పి (మృదంగంలో బేస్ పలికే వైపు) రావట్లేదు' అని పిలిచారు. వెళ్లి చూస్తే కేబుళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి తొప్పి ఒక్కటే మోగే ముక్కను లూప్‌లో పెట్టించి, నేను సబ్ వెనక్కి చెయ్యి పోనిచ్చి ఫేజ్ స్విచ్ అటు మార్చాను. ఆయన తల ఒక్కసారిగా పైకి లేచింది. సబ్ కోన్ ముందుకొచ్చే క్షణంలో మానిటర్ల కోన్‌లు వెనక్కి పోతున్నాయి, అందుకే 80 దగ్గర రెండూ కొట్టుకుపోతున్నాయి. ఆ తర్వాత లెవెల్ సగానికి తగ్గించాల్సి వచ్చింది. మీరూ ఇంట్లో ఎవరినైనా పిలిచి స్విచ్ వాళ్లచేత మార్పించండి, మీరు మాత్రం కుర్చీలోంచి కదలకండి. ఏ వైపు పెడితే బేస్ నిండుగా వినిపిస్తుందో అదే సరైనది. సబ్ చోటు మారిస్తే మళ్లీ చూసుకోవాలి.

లెవెల్ ఎంత పెట్టాలంటే, పప్పులో ఇంగువ ఎంతో అంత. బేస్ ఆ మూల నుంచి వస్తోందని తెలిసిపోతే ఎక్కువైనట్టే. సబ్ ఆపేసినప్పుడు మాత్రం పాట కింద నేల తీసేసినట్టు ఉండాలి. మీకు బాగా తెలిసిన పాట, కారులోనూ ఇయర్‌ఫోన్లలోనూ వందసార్లు విన్నది పెట్టి సరిచూడండి. ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌ను బేస్ విషయంలో నమ్మకండి, ఫోన్ మైక్ ఉన్నది మాటల కోసం. కొలిచే చూడాలనుకుంటే మెజర్‌మెంట్ మైక్ కొని, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. వినాయక చవితి మండపం డీజే బాక్సుల లెక్కలో సెట్ చేసుకుంటారా, అది మీ ఇష్టం. మిక్సింగ్ మాత్రం కుదరదు.

గది కొలతలు రాయలేదు. 10 బై 12 అడుగుల గది అనుకుందాం. ఆ పొడవు వెడల్పులకు దాదాపు 47, 56 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. మన సిమెంటు గోడల గదుల్లో ఇది మరీ ఎక్కువ. సబ్‌ను మూలకు నెడితే ఇంకా ఉబ్బుతుంది. సరైన చోటు వెతకడానికి ఒక పాత ఉపాయం ఉంది: సబ్‌ను మీ కుర్చీలో పెట్టి, బేస్ ఉన్న పాట ప్లే చేసి, మీరు నేల మీద పాకుతూ గోడల వెంట వినండి. ఎక్కడ బేస్ సమంగా, గుయ్యిమనకుండా వినిపిస్తే సబ్ అక్కడ పెట్టండి. పాకే ముందు తలుపు వేసుకోవడం మంచిది.

కేబుళ్లు మార్చాక కూడా హమ్ ఉంటే, అన్నీ ఆఫ్ చేసి సబ్ ఇన్‌పుట్ కేబుళ్లు రెండూ పీకి, సబ్, మానిటర్లు మళ్లీ ఆన్ చేయండి. హమ్ పోయిందా, అది ఇంటర్‌ఫేస్ వైపు నుంచి వస్తోంది. లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. హమ్ పోకపోతే కరెంటు వైపు చూడాలి. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, సబ్, మానిటర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో, ఎర్త్ ఉన్న ప్లగ్గులోనే పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే రొద వస్తుంటే అది స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్ కావచ్చు. 'ఎర్త్ పిన్ను పీకేస్తే పోతుంది' అనేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. హమ్ పోతుంది నిజమే, షాక్ కొట్టకుండా ఆపేదీ దాంతోపాటే పోతుంది. ఆ పని చేయకండి.

ఆన్ చేసేటప్పుడు ఇంటర్‌ఫేస్ ముందు, సబ్ తర్వాత, మానిటర్లు చివర. ఆఫ్ చేసేటప్పుడు దీనికి తిరగేసి.

ప్రశ్న: పాత 2.1 హోమ్ థియేటర్ సబ్ మూలన పడి ఉంది. దాన్నే స్టూడియో మానిటర్లతో వాడుకోవచ్చా? (పటమట, విజయవాడ)

జవాబు: దాని వెనక వైర్లు నొక్కి దూర్చే ఎరుపు, నలుపు క్లిప్పులు ఉంటే వాటిని మానిటర్లకు కలపకండి. అక్కడ వచ్చేది ఆంప్లిఫయర్ దాటిన సిగ్నల్. మీ మానిటర్లలో ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, ఇన్‌పుట్ కాలిపోవచ్చు. లైన్ అవుట్ లేని సబ్ అయితే దాని పాటికి దాన్ని సినిమాలకు ఉంచేయండి.

ప్రశ్న: నా ఇంటర్‌ఫేస్‌లో నాలుగు అవుట్‌లున్నాయి. సబ్‌ను మూడో అవుట్‌కి ఇవ్వొచ్చా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ఇవ్వొచ్చు. అలా ఇస్తే కుడి ఎడమలను కలిపి మూడో అవుట్‌కి పంపడం, మానిటర్ల బేస్ కోయడం రెండూ సాఫ్ట్‌వేర్‌లో మీరే చేసుకోవాలి. పైగా కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో ముందున్న పెద్ద నాబ్ 1, 2 అవుట్‌లకే పనిచేస్తుంది. మానిటర్లు తగ్గించినా సబ్ మాత్రం అలాగే దంచుతుంటే కింది పోర్షన్ వాళ్లు మెట్లెక్కి వస్తారు. మీ సబ్‌కి ఇన్, అవుట్ రెండూ ఉంటే పైన బ్రాడీపేట వారికి చెప్పిన దారే పట్టండి. ఆ మిగిలిన అవుట్‌లు ఇంకో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కి పనికొస్తాయి.