నీకు దక్కని పనిని ఎవరు చేశారో విను

బిడ్డా,

నువ్వు పంపిన ఆడిషన్ ఫైలు విన్నాను. గొంతు బాగుంది. ఆ సంగతి నీకు ఇంతకుముందే నలుగురు చెప్పి ఉంటారు. నాకు కోపం తెప్పించింది వేరే. అది పత్తి రైతుల కోసం చేసే రేడియో ప్రకటన. తేమ 8 శాతం దాటిన కొద్దీ ధర తగ్గుతుంది, 12 దాటితే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ అసలే కొనదు, కాబట్టి బాగా ఆరబెట్టి తీసుకురండి అని చెప్పాలి. నువ్వేమో వార్తలు చదివేశావు. జమ్మికుంటలో పెరిగిన పిల్లవి. తేమ ఎక్కువుందని యార్డులో బండి పక్కన పెట్టిస్తే రైతు మొహం ఎట్లుంటదో నీకు ఒకరు చెప్పాలా?

చివర్లో రికార్డింగ్ ఆపడం మరిచిపోయావు. "అయిపోయిందమ్మా, ఇగ మిక్సీ పెట్టుకో" అన్నావు. ఆ ముక్క కోసమే ఫైలు మళ్ళీ పెట్టుకుని విన్నాను. మొత్తంలో నువ్వు ఒక మనిషితో మాట్లాడింది అక్కడొక్కచోటే.

"చదివినట్టుంది అన్నారు, ఇంకేం చెప్పలేదు" అని రాశావు. చెప్పరు. వచ్చిన ఫైళ్ళన్నీ వినేసరికే వాళ్ళకు తెల్లారిపోతుంది. ఆ ఒక్క మాట అన్నారంటే ఎక్కువే. అందులో ఏముందో నువ్వే వెతుక్కోవాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. కొత్తవాళ్ళు బలమంతా మొదట్లోనే పెట్టేసి, ఊపిరి చాలక ఆఖరి మాట మింగేస్తారు. నీ ఫైల్లో "తీసుకురండి"లో "రండి" వినబడనే లేదు. రైతును చెయ్యమని అడిగేదే అది.

అసలు ఫీడ్‌బ్యాక్ ఆ ప్రకటన రేడియోలో వచ్చిన రోజు దొరుకుతుంది. నీకు దక్కని పనిని ఎవరు చేశారో విను. కుళ్ళుకో, కుళ్ళుకుంటూనే విను. అదే స్క్రిప్టు ముందు పెట్టుకుని ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంది, దేని మీద ఆగింది, దేన్ని తేలిగ్గా వదిలేసింది, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. నన్ను హైదరాబాద్‌లో ఒక ప్రొడ్యూసర్ "ఆ యాస పోయాక రా" అని పంపేశాడు. కాజీపేటలో రైలు దిగేదాకా తిట్టుకున్నాను, ఇప్పటికీ తిడతాను. కానీ ఆయన తీసుకున్న మనిషి నాటకం రేడియోలో వచ్చిన రాత్రి చెవి ఆనించి విన్నాను. ఎదుటి పాత్ర మాట్లాడుతుంటే ఈయన వింటున్న ఊపిరి కూడా వినబడింది. ఆ పని నేను అప్పటికి ఎవరి దగ్గరా చూడలేదు.

ఇప్పుడు ఫ్యాషన్ తిరగబడింది. తెలంగాణ యాసే కావాలంటారు. ఇస్తే "ఇంకొంచెం మాస్‌గా" అంటారు. వాళ్ళకు కావలసింది అరుపు. తెలంగాణ భాషా దినోత్సవమని సెప్టెంబర్ 9న కవి కాళోజీ విగ్రహానికి దండ వేస్తారు, తెల్లారి ప్రతి వాక్యానికీ ఒక "గట్ల" తగిలించిన స్క్రిప్టు పంపుతారు. వరంగల్ మాట, ఆదిలాబాద్ మాట ఒకటేనా? సరే, నా గోల నాది.

తోటివాళ్ళతో కూర్చోవడం మంచిదే. ముగ్గురు చాలు, స్క్రిప్టు మాత్రం అందరిదీ ఒకటే ఉండాలి. "బాగుందా" అని అడగకు. బాగుందంటారు, చాయ్ తాగి పోతారు. "నీ ధ్యాస ఎక్కడ తప్పింది" అని అడుగు. ఎలా చదవాలో చెప్తే తలూపి వదిలెయ్. ఎక్కడ తప్పిందో చెప్తే రాసుకో. ఇద్దరూ ఒకే చోటు చూపిస్తే అక్కడ పని ఉన్నట్టే. మధ్యలో "అది కాదు, నేను అనుకున్నదేందంటే" అని మొదలుపెట్టకు. ఫైలు వెంట నువ్వు వెళ్ళి వివరించలేవు కదా.

ఈసారి రెండు రకాలుగా చదివి పంపు. ఒకటి స్క్రిప్టు ఎలా ఉంటే అలా, ఇంకోటి మార్కెట్‌కు బయల్దేరిన మీ బాపుతో మాట్లాడినట్టు. రెండూ ఒకేలా వస్తే ఒకటే పంపు. మైకుకు జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిరిగి కూర్చో. "ప", "భ" వచ్చినప్పుడల్లా ఊపిరి వచ్చి మైకుకు తగులుతోంది. ఫైలుకు నీ పేరు పెట్టు. "ఫైనల్ న్యూ 2" అని పంపితే అది ఎవరిదని వెతుక్కోవాలి?

హనుమకొండ నుంచి,
మీ సార్