మెట్లెక్కిన మర్నాడు కాళ్లు పట్టేస్తే అది లాక్టిక్ యాసిడ్ వల్లేనా?

కాదు. జిమ్ ట్రైనర్ చెప్పినా కాదు, ఇంకెవరు చెప్పినా కాదు. కండ గట్టిగా పనిచేసినప్పుడు తయారయ్యే ఆ లాక్టిక్ యాసిడ్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది, రెండ్రోజులు కాళ్లలో తిష్ఠ వేసుకుని కూర్చోదు.

పోయినేడు మా బావమరిదితో అలిపిరి మెట్లెక్కాను. గాలిగోపురం దాకా ఎలా ఉంటుందో తెలుసుగా, మనవాడు కుర్రతనం కొద్దీ రెండేసి మెట్లు దూకుతూ పోయి, కాసేపటికి పసుపు కుంకుమ పూసిన మెట్ల పక్కన కూలబడి "తొడలు మండిపోతున్నాయి, నువ్వు పో బావా" అన్నాడు. ఆ మంట వేళ లాక్టిక్ యాసిడ్ ఉన్న మాట నిజం. కండ అడిగినంత వేగంగా ఆక్సిజన్ దారిలో శక్తి అందనప్పుడు కణం గ్లూకోజ్‌ని సగంలో విరిచేసి పని కానిచ్చేస్తుంది, దానికి మిగిలేది రెండే ఏటీపీలు (కణం ఖర్చు పెట్టుకునే శక్తి నాణేలనుకోండి). అదే కణంలోని శక్తి కొలిమి మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా కాలిస్తే 30, 32 దాకా వస్తాయి. (మాకు ఇంటర్‌లో 38 అని బట్టీ పట్టించారు, ఇంకో అంకె రాస్తే మార్కు గోవింద!) గిట్టుబాటు తక్కువే కానీ చాలా స్పీడు. అలా సగంలో విరిచాక మిగిలే లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) కూడా చెత్తేం కాదు, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం మళ్లీ గ్లూకోజ్‌గా మార్చేస్తుంది.

నిమ్మసోడా తాగి కాసేపు కూర్చునేసరికి మంట పోయింది, లేచి ఎక్కాడు. దర్శనమయ్యాక బస్సులో పోదాం రా అంటే వినకుండా మెట్ల మీదే దిగాడు, ఆయాసం లేదు, మంట లేదు, దారంతా కబుర్లే. రెండో రోజు చూడాలి, బాత్రూంలో కూర్చోలేక గోడ పట్టుకుని కేకలు! దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువు ఆపాలి, అలవాటు లేని కండకి ఆ పనితో పోగుల్లో కంటికి కనపడని గాయాలై వాస్తుంది. నొప్పి దానిది. వీడి ట్రైనర్ మాత్రం యాసిడ్ బయటకి పోవాలంటూ ఏదో పొడి డబ్బా అంటగట్టాడు.

అసలు ఈ లాక్టిక్ యాసిడ్ పిచ్చి పాతదే. 1920ల్లో నోబెల్ వచ్చిన హిల్, మేయర్‌హాఫ్ లాంటి శాస్త్రవేత్తలే అది తయారవడం వల్లే కండ కదులుతుందనుకున్నారు. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ని, అంటే కండలో అప్పటికప్పుడు శక్తినిచ్చే నిల్వని, కనిపెట్టి ఆ సిద్ధాంతాన్ని కుదిపేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1929లో ఏటీపీని వెలికితీసినవాళ్లలోనూ ఆయనున్నాడు. మెట్ల మీద మొదటి కొన్ని సెకన్ల దూకుడుకి ముందుగా అక్కరకొచ్చేది ఆ ఫాస్ఫోక్రియాటినే, దానికి ఆక్సిజన్‌తో పనే లేదు. జిమ్ కుర్రాళ్లు క్రియాటిన్ డబ్బాలకి వేలు పోస్తారు గానీ ఈయన పేరు ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. మావాణ్ని అడిగితే "సినిమా డైరెక్టరా బావా?" అన్నాడు.